ఆపదకు హద్దురాళ్ళు లేవు

హౌరా స్టేషను విడిచిన లోకలు బండి బర్ద్వాను మార్గంలో మొట్టమొదట ఆగే స్టేషను లిలువా. కలకత్తా మహానగరానికి హుగ్లీ నది ఆవలి ఒడ్డున, హౌరా నగరంలో, 1900వ సంవత్సరం నుండి ఇక్కడ రైల్వే క్యారేజి, వ్యాగను వర్కుషాపు నడుస్తున్నది. రైల్వే కార్మికోద్యమ చరిత్ర తెలిసినవారికి ఈ పేరు కొత్త కాదు. 1928లో అప్పటి ఈస్టిండియన్ రైల్వే యాజమాన్యం లాకౌటు ప్రకటించగా నెలల తరబడి పోరాడిన లిలువా కార్మికులు, ఆ మార్చి నెలలో సమీపాన గల బామన్‌గాచి వద్ద పోలీసు కాల్పులకు గురైనారు. శాంతిభద్రతల పేరిట ప్రజలపైననే తుపాకి ఎత్తిన పాలన ఎటువంటిదో లిలువాకు అనుభవపూర్వకంగా తెలుసు. అందుచేతనే, ప్రజల భద్రత అనే మాటకు అసలు అర్థం ఏమిటని నేటి పాలకులను అడిగే హక్కు కూడ లిలువాకు ఉన్నది.

ప్రశ్న చాలా సామాన్యమైనది. రాత్రి షిఫ్టు దిగి క్వార్టరుకు నడచిపోయే కార్మికుని క్షేమానికి బాధ్యులెవరు? ప్లాట్‌ఫారంపై జరిగే నేరానికి రాష్ట్ర ప్రభుత్వపు రైల్వే పోలీసు బాధ్యత వహించాలి. రైల్వే ఆస్తుల కాపలా కేంద్రానికి చెందిన రైల్వే రక్షణ దళానిది. స్టేషను మెట్లు దిగి రోడ్డు మీద అడుగు పెట్టగానే హౌరా నగర పోలీసు కమిషనరేటు అధికారం మొదలవుతుంది. వీధి దీపము, మురుగు కాలువ నగరపాలక సంస్థవి. రైల్వే కాలనీ ప్రహరీ లోపలి దీపము, కాలువ రైల్వే ఇంజనీరింగు శాఖవి. తీగలలో ప్రవహించే విద్యుత్తు ఒక ప్రైవేటు కంపెనీది. నిప్పు అంటుకుంటే వచ్చే బండి రాష్ట్ర అగ్నిమాపక శాఖది. వరద వస్తే ఆదేశాలివ్వవలసినవారు జిల్లా మేజిస్ట్రేటు. పది నిమిషాల నడకలో మన కార్మికుడు ఇన్ని ప్రభుత్వాల సరిహద్దులు దాటుతున్నాడు. ఆపద మాత్రం ఏ సరిహద్దునూ గుర్తించదు. వరద నీరు ప్రహరీగోడ ముందు ఆగి, ఇది ఎవరి పరిధి అని అడగదు.

ఈ శాఖలలో ఏ ఒక్కటీ అనవసరమైనదని మేము అనడం లేదు. వాటిలో పనిచేసే సిబ్బంది కూడ మనవంటి ఉద్యోగులే. పగలనక రాత్రనక, చాలీచాలని బలగంతో, ప్రాణాలకు తెగించి పని చేస్తున్నవారే. లోపం వారి శ్రమలో లేదు. ఎవరికి వారుగా చేస్తున్న శ్రమను ఒక్కచోట కూర్చి నడిపించే వ్యవస్థ లేకపోవడమే లోపం.

ఈ లోపం ఎంతటి మూల్యం అడుగుతుందో హుగ్లీ నది ఈవలి ఒడ్డున, 2021 మార్చి 8వ తేదీ రాత్రి తేటతెల్లమైనది. కలకత్తా స్ట్రాండ్ రోడ్డులో రైల్వే కార్యాలయాలు గల న్యూ కొయ్‌లాఘాట్ భవనం పదమూడవ అంతస్తులో మంటలు లేచినవి. తొమ్మిదిమంది మరణించారు. వారిలో నలుగురు అగ్నిమాపక సిబ్బంది. మిగిలినవారిలో ఒక నగర పోలీసు ఉద్యోగి, ఒక రైల్వే రక్షణ దళ జవాను, రైల్వే ఉద్యోగులు ఉన్నారు. మంటలు ఉన్న అంతస్తుకు లిఫ్టులో వెళ్ళడమే వారి పాలిట మృత్యువైనది. భవనం పటాన్ని రైల్వే వారు అందజేయలేదని రాష్ట్ర ముఖ్యమంత్రి ఆ రాత్రే అన్నారు. రాష్ట్రానికి సంపూర్ణ సహకారం అందించామని రైల్వే మంత్రి అన్నారు. విచారణకు ఆదేశాలు వెలువడినవి. ఎవరి మాట నిజమో తేల్చడం మా ఉద్దేశం కాదు. మేము చెప్పేది ఒక్కటే: ఆ పటం చేతులు మారవలసిన సమయం మంటలు లేచిన రాత్రి కాదు. అంతకు ఎన్నో నెలల ముందే, ఒక బల్ల చుట్టూ కూర్చున్న సమావేశంలో అది చేతులు మారి ఉండాలి. నాలుగు రకాల యూనిఫారాలు ధరించినవారు ఒకే భవనంలో ప్రాణాలు విడిచారు. మరణంలో సాధ్యమైన ఆ కలయిక జీవించి ఉండగా, పనిలో ఎందుకు సాధ్యం కాలేదు?

రెండవ ఉదాహరణ లిలువాకు ఇంకా దగ్గరిది. హౌరా నగరపు చెత్త అంతయు దశాబ్దాలుగా బెల్‌గాచియా వద్ద కొండవలె పేరుకుపోయినది. 2025 మార్చిలో ఆ ప్రదేశాన నేల కుంగి, నీటి సరఫరా చేసే పెద్ద గొట్టం పగిలినది. చుట్టుపట్ల పేదల ఇళ్ళు బీటలు వారినవి. కుటుంబాలు వీధిన పడినవి. నగరంలోని అనేక వార్డులలో కుళాయిలు ఎండిపోయి, పొరుగు నగరం నుండి ట్యాంకర్లు రావలసి వచ్చినది. చెత్త ఒక విభాగం పని, నీరు మరొకరి పని, ఇళ్ళ భద్రత ఇంకొకరి పని, పునరావాసం జిల్లా యంత్రాంగం పని అని కాగితాల మీద విడదీసి వ్రాసుకోవచ్చును. కాని నేల కుంగినప్పుడు అవన్నీ ఒక్కసారే కూలినవి. చెత్తకొండ రాత్రికి రాత్రి పెరగలేదు. దాని ఎత్తును కళ్ళారా చూసినవారు ఎందరో ఉన్నారు. ఆ ప్రమాదానికి పూర్తి బాధ్యత నాది అనగలిగిన అధికారి మాత్రం కనబడలేదు.

అయితే ఈ సమన్వయ బాధ్యత ఎవరు వహించాలి? నగర ప్రభుత్వమే వహించాలన్నది మా దృఢమైన అభిప్రాయం. పోలీసు నగరపాలక సంస్థ చేతిలో లేదన్నది నిజమే. రాజ్యాంగం ప్రకారం అది రాష్ట్రాల అంశం. 74వ రాజ్యాంగ సవరణ చేర్చిన పన్నెండవ షెడ్యూలులో అగ్నిమాపక సేవలు పురపాలక సంస్థల విధుల జాబితాలో ఉన్నప్పటికీ, పశ్చిమ బెంగాలులో అవి రాష్ట్ర శాఖ క్రిందనే నడుస్తున్నవి. రైల్వేను ఆదేశించే అధికారం మేయరుకు లేదు. కాని ఆదేశించడం వేరు, సమావేశపరచడం వేరు. వీధులు, కాలువలు, దీపాలు, భవనాల అనుమతులు, వార్డుల వారీ సమాచారం ఒకేచోట ఉన్న సంస్థ నగరపాలక సంస్థ ఒక్కటే. ఇల్లిల్లు తెలిసిన సంస్థ పిలిస్తే రావలసిన బాధ్యత తక్కిన శాఖలన్నిటికీ చట్టరీత్యా ఉండాలి. బ్రిటనులో 2004 నాటి చట్టం ఇటువంటి నియమాన్నే విధించినది. అక్కడ స్థానిక ప్రభుత్వము, పోలీసు, అగ్నిమాపక దళము కలిసి ప్రమాదాలను అంచనా వేయాలి. రైల్వే, విద్యుత్తు, నీటి సంస్థలు వారికి సహకరించాలి, సమాచారం ఇవ్వాలి. ఇష్టముంటే వస్తాము, లేకుంటే లేదు అనే వీలు అక్కడ లేదు.

మన దేశంలోను ఒక అవకాశం ఏర్పడినది. 2005 నాటి విపత్తు నిర్వహణ చట్టానికి 2025లో జరిగిన సవరణ, రాష్ట్ర రాజధానులకు, నగరపాలక సంస్థలు గల నగరాలకు ప్రత్యేకంగా నగర విపత్తు నిర్వహణ ప్రాధికార సంస్థను ఏర్పాటు చేసే అధికారాన్ని రాష్ట్ర ప్రభుత్వాలకు ఇచ్చినది. మునిసిపల్ కమిషనరు దానికి అధ్యక్షులు, జిల్లా కలెక్టరు ఉపాధ్యక్షులు. మంచిదే. కాని చట్టం ఇచ్చినది అధికారం మాత్రమే. సంస్థను ఏర్పరచి, దానికి నిధులు, సిబ్బంది సమకూర్చినప్పుడే అది చట్టమనిపించుకుంటుంది. లేనిచో బోర్డు మీద ఒక పేరుగా మిగిలిపోతుంది. పైగా అధ్యక్షుడు, ఉపాధ్యక్షుడు ఇద్దరూ అధికారులే. ప్రజలకు సమాధానం చెప్పవలసిన ఎన్నికైన ప్రతినిధి స్థానం ఎక్కడ?

ఈ ప్రశ్న హౌరాలో మరింత తీవ్రమైనది. 2011 జనాభా లెక్కల నాటికే పది లక్షలు దాటిన నగరమిది. ఇక్కడ 2013లో ఎన్నికైన పాలకవర్గం పదవీకాలం 2018 డిసెంబరులో ముగిసినది. ఐదేళ్ళ గడువు తీరకముందే ఎన్నికలు పూర్తి కావాలని రాజ్యాంగం శాసిస్తున్నది. అయినను ఆ తరువాత ఏళ్ళ తరబడి నియమిత పాలకులే నగరాన్ని నడిపారు. 2015లో హౌరాలో విలీనం చేసిన బాలీ పురపాలక ప్రాంతాన్ని తిరిగి వేరు చేయడానికి 2021లో శాసనసభ బిల్లు ఆమోదించగా, అది గవర్నరుతో వివాదంలో చిక్కుకొని ఎన్నికలకు మరొక అడ్డంకి అయినది. వార్డు కౌన్సిలరు లేని నగరంలో వెలగని దీపం గురించి కార్మికుడు ఏ తలుపు తట్టాలి? మూడు లక్షలకు మించిన నగరాలలో వార్డు కమిటీలు ఉండాలన్న నియమం అమలులో ఉంటే బెల్‌గాచియా ప్రజల గోడు ముందే ఎవరికైన వినబడేది కాదా?

ఇక్కడ ఒక ఆక్షేపణ వినిపించవచ్చును. భద్రత అధికారుల వ్యవహారం, ఇందులో యూనియన్లకేమి పని అని కొందరు అంటారు. దీనికి మా సమాధానం స్పష్టం. ఏ గేటు దగ్గర జనం బండి వస్తుండగా పట్టాలు దాటుతారో గేట్‌మన్‌కు తెలుసు. ఏ కల్వర్టు మొదటి వానకే పూడుకుపోతుందో ట్రాక్‌మన్‌కు తెలుసు. ఏ ఇంట్లో మంచం దిగలేని వృద్ధులు ఒంటరిగా ఉన్నారో, ఏ సందులో ఫైరింజను తిరగదో పోస్ట్‌మన్‌కు తెలుసు. 1972లో పిన్‌కోడు వచ్చి దేశాన్ని అంకెలుగా విభజించినది. కాని ఆ అంకె వెనుకనున్న మనిషిని గుర్తుపట్టేది నేటికీ పోస్ట్‌మనే. ఈ జ్ఞానం ఏ ఫైలులోను లేదు. దీనిని బల్ల ముందుకు తీసుకురాగలిగినవి ఉద్యోగ సంఘాలే.

అయితే మన బాధ్యతను కూడ మనం దాచుకోరాదు. క్వార్టర్ల మెట్ల క్రింద స్కూటర్లు, పాత సామానులు పేర్చి దారి మూసేది మనమే. అగ్నిమాపక అభ్యాసం జరిగితే సంతకం పెట్టి టీ త్రాగడానికి వెళ్ళేది మనమే. జీతభత్యాల డిమాండ్ల పత్రంలో భద్రతను చిట్టచివరి అంశంగా వ్రాసేదీ మనమే. ఇతరుల నిర్లక్ష్యాన్ని ఖండించే ముందు మన బ్రాంచీలు ఈ అలవాట్లను సరిదిద్దుకోవాలి.

కావున మేము కోరుతున్నవి ఇవి. ఒకటి, నగర ప్రాధికార సంస్థలను కాగితంపై గాక కార్యరూపంలో ఏర్పరచి, రైల్వే, తపాలా శాఖల అధికారులతో పాటు ఉద్యోగ సంఘాల ప్రతినిధులకు అందులో స్థానం కల్పించాలి. రెండు, ప్రతి వర్కుషాపు, కార్యాలయం, కాలనీ పటాలు, నీటి కుళాయిల, విద్యుత్ స్విచ్చుల వివరాలతో సహా స్థానిక ఫైర్ స్టేషనులో ముందుగానే ఉండాలి. మూడు, ప్రహరీకి ఇరువైపుల దీపాలను, కాలువలను రైల్వే, నగరపాలక సంస్థలు ఏటా వానకాలానికి ముందు కలిసి తనిఖీ చేసి, ఫలితాలను నోటీసు బోర్డుపై ప్రకటించాలి. నాలుగు, గడువు తీరిన నగరాలలో ఎన్నికలు జరిపి, వార్డు కమిటీలను ఏర్పరచాలి.

ఇది లిలువా ఒక్కదాని సమస్య కాదు. 2024 సెప్టెంబరులో బుడమేరు గట్లకు గండ్లు పడి విజయవాడ సింగ్‌నగర్ రోజుల తరబడి నీట మునిగినప్పుడు, అదే వరదలలో మహబూబాబాద్ జిల్లాలో రైలు పట్టాల క్రింది కట్ట కొట్టుకుపోయినప్పుడు, మన పాఠకులలో ఎందరో స్వయంగా ఆ నీళ్ళలో నిలబడి పని చేశారు. ఏరు ఒక శాఖది, కాలువ ఒక శాఖది, పట్టా ఒక శాఖది కావచ్చును. నీట మునిగిన ఇల్లు మాత్రం మనది.

ప్రతి బ్రాంచి తన తదుపరి సమావేశంలో ఈ అంశాన్ని చర్చించాలని, తన స్టేషను నుండి కాలనీ వరకు గల దారిని ఒక రాత్రి నడిచి చూచి, ఏ దీపం ఎవరిదో, ఏ కాలువ ఎవరిదో వ్రాసి, ఆ జాబితాను సంబంధిత శాఖలన్నిటికీ ఒకేసారి అందజేయాలని విజ్ఞప్తి చేస్తున్నాము. అధికారులు ఒక బల్ల చుట్టూ చేరే వరకు, ఆ బల్లను వేయవలసిన బాధ్యత మనదే.