కొండకీ కొండకీ మధ్య

సింగపూర్‌లో స్థిరపడ్డ మిత్రుడితో ఆ మధ్య ఓ మధ్యాహ్నం సదరన్ రిడ్జెస్‌లో నడిచాను. మౌంట్ ఫేబర్, తెలోక్ బ్లాంగా, కెంట్ రిడ్జ్ కొండల మీది పార్కులను కలుపుతూ సాగే సుమారు 10 కిలోమీటర్ల దారి అది. ఈ కొండల మధ్య నుంచి పెద్ద రోడ్లు పోతాయి. వాటిలో ఒకదాని మీద, 36 మీటర్ల ఎత్తున, 2008లో తెరిచిన హెండర్సన్ వేవ్స్ వంతెన ఉంది. పొడవు 274 మీటర్లు. నడిచే చోటంతా చెక్క పరిచారు. అలలా లేచిన ఒంపుల నీడన కూర్చోవచ్చు. "కాస్త కూర్చుందాం రా, ఎండ తగ్గనీ" అన్నాడు వాడు.

నాకు మరీ నచ్చింది ఆ తర్వాత వచ్చే ఫారెస్ట్ వాక్. చెట్ల కొమ్మల ఎత్తులో ఇనుప జాలీ దారి. పాదాల కిందే ఆకులూ తీగలూ కనిపిస్తుంటాయి. వాలు ఎంత తక్కువంటే చక్రాల కుర్చీలోనూ వెళ్లవచ్చు. అడవి చూసే భాగ్యం మోకాళ్లు బాగున్నవాళ్లకే పరిమితం కాకూడదని ఎవరో పట్టుబట్టి ఉంటారు. వాళ్లకు నా నమస్కారం.

హైదరాబాద్‌లో కేబీఆర్ పార్కు ఉంది, మృగవని ఉంది. రెండూ జాతీయ ఉద్యానవనాలే. ఒకదాన్నుంచి రెండోదానికి వెళ్లాలంటే మాత్రం ట్రాఫిక్‌లో పడాల్సిందే. ఉన్న పచ్చదనాన్ని కాపాడమని అడుగుతూనే ఉన్నాం, ఇంకా గట్టిగా అడగాలి. దాంతోపాటు ఆ ముక్కలను కలిపే నడకదారులనూ అడుగుదాం. ఈ సంచికను నగరాల్లోని చెట్లకూ, వాటి కింద నడిచేవాళ్లకూ కేటాయించాం. మీ ఊళ్లో అలా కలపదగ్గ చోట్లుంటే మాకు రాయండి.