గొట్టం చివర ఆగని బాధ్యత

మంచినీటి కరువుతో ఏళ్ల తరబడి అల్లాడిన చెన్నై మహానగరం చివరకు సముద్రాన్ని ఆశ్రయించింది. 2010లో మింజూరులో, 2013లో నెమ్మేలిలో రోజుకు 10 కోట్ల లీటర్ల వంతున సముద్రజలాన్ని మంచినీరుగా మార్చే కర్మాగారాలు వెలిశాయి. 2024లో నెమ్మేలిలోనే మరో 15 కోట్ల లీటర్ల సామర్థ్యంగల కర్మాగారం ప్రారంభమయింది. నగరవాసులకు ఇది ఊరట కలిగించే పరిణామమే. అయితే కుళాయికి వచ్చే నీటిపై జరిగినంత చర్చ, గొట్టం ద్వారా తిరిగి సముద్రంలోకి పోయే నీటిపై జరగడం లేదు.

ఈ పద్ధతిలో ఒక లీటరు మంచినీరు తీయాలంటే రెండు లీటర్లకు పైగా సముద్రజలాన్ని తోడవలసి ఉంటుంది. మిగిలిన నీరు దాదాపు రెట్టింపు ఉప్పదనంతో సముద్రానికే చేరుతుంది. సముద్రం పెద్దది, అందులో ఏదైనా కలిసిపోతుందన్న వాదన వినడానికి బాగానే ఉన్నది. కాని ఎంత దూరంలో, ఎంతసేపటికి, ఏ దిశగా కలుస్తుందన్నదే అసలు ప్రశ్న. తీరం వెంబడి వలలు వేసుకుని బతికే కుటుంబాల జీవనోపాధి ఈ ప్రశ్నకు లభించే సమాధానంపైనే ఆధారపడి ఉన్నది.

గొట్టం నుంచి దూసుకువచ్చే ధార చుట్టూ ఉన్న నీటిని తనలోకి లాక్కుంటూ వెడల్పవుతుంది. వెడల్పయిన కొద్దీ దాని వేగం తగ్గుతుంది. వ్యర్థజలం వేగంగా పలచబడేది ఈ తొలిదశలోనే. ఒకే పెద్ద ద్వారానికి బదులు అనేక చిన్న రంధ్రాల గుండా నీటిని వదలడంలోని ఆంతర్యం ఇదే. ముంబయిలో వర్లి, బాంద్రాల వద్ద మురుగునీటిని సొరంగాల ద్వారా తీరానికి మూడు కిలోమీటర్లకు పైగా దూరం తీసుకువెళ్లి వదలడం కూడా ఈ సూత్రాన్ని అనుసరించినదే. మురుగునీరు సముద్రజలం కన్నా తేలిక కనుక పైకి లేస్తుంది. ఉప్పు పెరిగిన నీరు బరువు కనుక అడుగుకు దిగి, నేలను అంటిపెట్టుకుని పాకుతుంది. ఆపైన దాని గమనాన్ని గాలులు, అలలు, ప్రవాహాలు నిర్దేశిస్తాయి.

ఇదంతా కంప్యూటర్ల సాయంతో ముందుగా లెక్కగట్టవచ్చు. అయితే లెక్క ఎంత గొప్పదైనా, దానికి అందించిన సమాచారం కన్నా మెరుగైన ఫలితం ఇవ్వజాలదు. తూర్పు తీరంలో ప్రవాహం ఏడాది పొడవునా ఒకే దిశలో సాగదు. వేసవికి ముందునుంచి ఉత్తర దిశగా సాగే ప్రవాహం అక్టోబరు తరువాత దక్షిణానికి మళ్లుతుంది. వర్షాకాలంలో నదుల వరదనీరు బంగాళాఖాతంపై తేలికపాటి పొరగా పరచుకుంటుంది. అడుగునుంచి లేచే మురుగునీరు ఆ పొర కిందనే చిక్కుకుపోయే అవకాశమూ ఉన్నది. ఇంత వైవిధ్యం కళ్లెదుట ఉండగా, వర్షాకాలం మినహా ఏదో ఒక ఋతువులో సేకరించిన వివరాలతో పర్యావరణ నివేదిక సమర్పించే వెసులుబాటు 1994 నాటి నిబంధనలలోనే కల్పించారు. ఆ తరువాత కూడా ఎన్నో ప్రాజెక్టులు ఈ దారినే నడిచాయి. ఏ కాలంలో సముద్రం తన స్వభావం మార్చుకుంటుందో, సరిగ్గా ఆ కాలాన్నే లెక్కనుంచి తప్పించడం విడ్డూరం!

ఇది చెన్నైకి మాత్రమే పరిమితమైన సమస్య కాదు. ఉత్తరాంధ్ర తీరంలో ఔషధ పరిశ్రమల వ్యర్థజలాలను శుద్ధిచేసి గొట్టాల ద్వారా సముద్రంలోకి వదిలే ఏర్పాట్లు ఉన్నాయి. వాటిపై మత్స్యకారులు పలుమార్లు నిరసన తెలిపారు. వారి భయాలన్నీ నిజమని ముందే తీర్మానించనక్కరలేదు. కాని వాటిని అజ్ఞానమని కొట్టిపారేసే హక్కు ఎవరికీ లేదు. ఏ నెలలో నీరు ఎటు లాగుతుందో తరతరాలుగా ఎరిగినవారు వారు.

మన వద్ద నైపుణ్యానికి కొరత లేదు. గోవాలో జాతీయ సముద్రశాస్త్ర సంస్థ ఉన్నది. హైదరాబాదులోని భారత జాతీయ మహాసముద్ర సమాచార సేవల కేంద్రం అలలు, ప్రవాహాల గురించి ముందస్తు సమాచారం అందిస్తున్నది. కొరతంతా చిత్తశుద్ధిలోనే. గొట్టం వేయడానికి ముందు అన్ని ఋతువులలోనూ కొలతలు తీయాలి. అంచనాలను ప్రజాభిప్రాయ సేకరణలో స్థానిక భాషలో, సామాన్యునికి అర్థమయ్యే పటాలతో వివరించాలి. అన్నింటికీ మించి, నీరు వదలడం మొదలైన తరువాత అంచనాకూ వాస్తవానికీ ఎంత తేడా ఉన్నదో స్వతంత్ర సంస్థతో పరీక్షింపజేసి ఆ ఫలితాలను బహిరంగపరచాలి. తేడా హద్దు మీరితే గొట్టాన్ని సవరించేవరకు విడుదలను తగ్గించాలి.

అనుమతి పత్రం చేతికి అందగానే లెక్కల పని ముగిసిందనుకోవడం పొరపాటు. అసలు పరీక్ష అప్పుడే మొదలవుతుంది. నగరం దాహం తీరడం ఎంత అవసరమో, ఆ దాహం మూల్యాన్ని తీరంలోని పల్లెలు చెల్లించకుండా చూడడం కూడా అంతే అవసరమని ప్రభుత్వాలు గుర్తించాలి.