మజిలీ

 

మా చెల్లెలి కుమారుడు బెంగళూరులో కంప్యూటర్ ఉద్యోగం చేస్తున్నాడు. నిరుడు చలికాలానికి ముందు సెలవు పెట్టి, ముగ్గురు మిత్రులతో నేపాల్ వెళ్ళి, అన్నపూర్ణ పర్వతశ్రేణి చుట్టూ కాలినడకన తిరిగి వచ్చాడు. వాడు ఇల్లు చేరిన తర్వాతగాని వాళ్ళమ్మకు ఈ సంగతి తెలియలేదు. "భాయీజాన్, డబ్బు పెట్టి కష్టం కొనుక్కొచ్చాడు. మీరైనా నాలుగు మాటలు చెప్పండి" అని ఆమె నన్ను పిలిపించింది. నాలుగు మాటలు చెప్పడానికే వెళ్ళాను. మగ్రిబ్ నమాజు తర్వాత మొదలైన సంభాషణ ఇషా అజాన్ వరకు సాగింది. మాట్లాడింది ఎక్కువగా వాడే, నేను విన్నాను. విన్నదానిలో నాకొక పాఠం దొరికింది. అది నన్ను సిగ్గుపడేలా చేసిన పాఠం గనుక దాచుకోకుండా మీ ముందు ఉంచుతున్నాను.

వాళ్ళు గుడారాలు మోసుకొని అడవుల్లో పడుకొని ఉంటారని నేను అనుకున్నాను. అలా కాదట. ఆ దారిలో కొన్ని గంటల నడకకొక పల్లె వస్తుంది. పల్లెలో బాటసారులకు బస ఉంటుంది. చెక్కగోడల చిన్న గదులు, మధ్యలో పొయ్యి ఉన్న భోజనశాల. గదికి అద్దె నామమాత్రమే, కాని భోజనం మాత్రం అక్కడే చేయాలి. అన్నం, పప్పు, ఆకుకూర. హలాల్ గురించిన చింత కూడా దానితోనే తీరిపోయింది. ఈరోజు ఈ బస, రేపు పై ఊరి బస. వీపుమీది సంచిలో రెండు జతల బట్టలు, దుప్పటి, మందులు తప్ప మరేమీ అక్కరలేదు.

"మామూ, నడవడం కష్టం కాలేదు. ఆగడమే కష్టమైంది" అన్నాడు మా వాడు. పైకి పోయేకొద్దీ గాలి పలుచబడుతుంది. మూడువేల మీటర్లు దాటాక, ముందురాత్రి పడుకున్న చోటికంటే సుమారు ఐదువందల మీటర్లకు మించిన ఎత్తున పడుకోరాదన్నది అక్కడి కట్టుబాటు. మూడు నాలుగు రోజులకొకసారి ఒక పూర్తి దినం విశ్రాంతి తీసుకోవాలి. ఒంట్లో సత్తువ ఉన్నా, ఆకాశం తేటగా ఉన్నా ఆగవలసిందే. మనాంగ్ అనే ఊరు సుమారు 3,500 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడ అందరూ రెండు రాత్రులు గడుపుతారు. వాళ్ళలో అందరికంటే బలిష్ఠుడైన మిత్రుడు ఆగనన్నాడు. తలనొప్పి వస్తోందని ఎవరికీ చెప్పలేదు. బస నడిపే పెద్దావిడ వాడి ముఖం చూసి, అన్నం తినకుండా పళ్ళెం పక్కకు నెట్టడం చూసి, "ఇక్కడే ఉండు, లేదా కిందికి దిగిపో. పైకి మాత్రం పోవద్దు" అని గట్టిగా చెప్పిందట. వాడు ఆగాడు, కోలుకున్నాడు. ఆ తలనొప్పిని లెక్కచేయక పైకి పోయినవారి మెదడులోను, ఊపిరితిత్తులలోను నీరు చేరి ప్రాణాలు పోవడం కొత్త సంగతి కాదు.

ఆ దారిలో అన్నింటికంటే ఎత్తైన కనుమ పేరు థొరాంగ్ లా. ఎత్తు 5,416 మీటర్లు. మన రాష్ట్రంలోని ఏ శిఖరమూ 1,700 మీటర్లు దాటదని గుర్తుచేసుకుంటే ఆ ఎత్తు ఏమిటో ఊహకు అందుతుంది. అక్కడ ఒక శ్వాసకు అందే ప్రాణవాయువు సముద్రతీరంలో అందేదానిలో దాదాపు సగం. గాలి లేవకముందే దాటాలని చీకటితోనే బయలుదేరుతారు. ఎక్కేటప్పుడు 'అల్లాహు అక్బర్' అనడం, దిగేటప్పుడు 'సుబ్‌హానల్లాహ్' అనడం సహచరుల అలవాటని హజ్రత్ జాబిర్ (రజి) చెప్పిన హదీసు మదరసాలో నా దగ్గరే వాడు చదివాడు. "అడుగుకొక తక్బీర్ చాలింది మామూ, రెండో దానికి ఊపిరి అందలేదు" అని నవ్వాడు.

తర్వాత వాడు నవ్వు ఆపి ఒక విషయం చెప్పాడు. 2014 అక్టోబరు 12న మన విశాఖపట్నాన్ని తాకిన తుపాను మీకు గుర్తుండే ఉంటుంది. దానికి ఒమాన్ దేశం సూచించిన పేరు హుద్‌హుద్. తీరం దాటి బలహీనపడిన ఆ తుపాను ఉత్తరానికి సాగి, రెండు రోజుల తర్వాత అక్టోబరు 14న హిమాలయాలపై మంచుగా కురిసింది. ఆ ఉదయం థొరాంగ్ లా కనుమ మీద వందలాది బాటసారులున్నారు. ఎదుటి మనిషి కనిపించనంత మంచుతుపాను. ఆ ప్రాంతమంతటా కలిపి నలభై మందికి పైగా మరణించారు. వారిలో విదేశీయులున్నారు, వారి సామాను మోసే నేపాలీ కూలీలున్నారు, దారి చూపేవారున్నారు. మన తీరంలో రోజుల ముందే తెలిసిన హెచ్చరిక ఆ కనుమ కింద ఉన్న అనేకమందికి చేరలేదు.

దివ్య ఖుర్ఆన్‌లోని నమ్ల్ అధ్యాయంలో హజ్రత్ సులైమాన్ (అలై) వద్దకు రూఢి అయిన వార్తను మోసుకొచ్చిన పక్షి పేరు కూడా హుద్‌హుదే. ఆ పక్షి దూరదేశపు వార్తను సమయానికి చేర్చింది. ఆ పక్షి పేరు పెట్టుకున్న తుపాను వార్త మాత్రం చేరవలసినవారికి చేరలేదు. బాటసారికి మనం చేయగల మేలులో మొదటిది ముందున్న ప్రమాదాన్ని చెప్పడం. రెండవది తలుపు తెరవడం. ఆ పెద్దావిడ ఈ రెండూ చేసింది.

ఇక మన వైపు చూద్దాం. తెలుగులో 'మజిలీ' అనే మాట ఉంది. మధిర సుబ్బన్న దీక్షితులు గారి 'కాశీ మజిలీ కథలు' తెలియని తెలుగువారు అరుదు. ఈ మజిలీ మన 'మన్‌జిల్' అనే అరబ్బీ పదమే. దిగే చోటు, విడిది అని దాని అర్థం. వారం రోజుల్లో ఖుర్ఆన్ పారాయణం పూర్తిచేయడానికి దాన్ని ఏడు భాగాలు చేశారు. ఆ భాగాలకూ మన్‌జిల్ అనే పేరు. ఎంత దీర్ఘమైన దారి అయినా ఒక్కరోజు నడకలుగా విడగొట్టుకుంటే సామాన్యుడు కూడా దాటగలడన్న భావం ఈ ఒక్క మాటలో ఉంది.

మన ధర్మశాస్త్రవేత్తలు ప్రయాణాన్ని మొదట మైళ్ళతో కొలవలేదు, మజిలీలతోనే కొలిచారు. హనఫీ ఫిఖ్‌హ్ ప్రకారం మూడు రోజుల మధ్యరకం నడక దూరం వెళ్ళాలని బయలుదేరినవాడు ముసాఫిర్. నేడు దానిని 48 మైళ్ళుగా, అంటే సుమారు 78 కిలోమీటర్లుగా లెక్కిస్తున్నారు. అతడు నాలుగు రకాతుల ఫర్జ్‌ను రెండుగా చేస్తాడు. ఆ రోజు నడక కూడా తెల్లవారినది మొదలు పొద్దుగూకేదాకా కాదు. ఉదయం నుండి మధ్యాహ్నం వరకే, అదీ విశ్రాంతులతో. కొండదారిలో కొండ నడకనే కొలతగా తీసుకోవాలని కూడా వారు రాశారు. మైదానంలో ఒక పూటలో దాటే దూరానికి కొండల్లో మూడు రోజులు పట్టవచ్చు, అతడూ ముసాఫిరే. తోలు మేజోళ్ళపై మసహ్ చేసే సౌలభ్యం ఇంట్లో ఉన్నవాడికి ఒక పగలు ఒక రాత్రి అయితే, ప్రయాణికుడికి మూడు పగళ్ళు మూడు రాత్రులు. వుజూతో తొడుక్కున్న తోలు మేజోళ్ళకే ఇది వర్తిస్తుందనీ, పలుచని నూలు మేజోళ్ళకు వర్తించదనీ యువకులు గమనించాలి. ఈ ఆదేశాలు బోధించినప్పుడల్లా వీటి వెనుక ఉన్న కరుణ నాకు తోస్తుంది. నడిచేవాడి అలసట మన ప్రభువుకు తెలుసు.

ఆ అలసట తెలిసిన దాసులూ ఉన్నారు. అబ్బాసీ ఖలీఫా హారూన్ రషీద్ భార్య జుబైదా కూఫా నుండి మక్కా వరకు ఉన్న హజ్ మార్గంలో బావులు, నీటి తొట్లు, విడిదులు కట్టించింది. ఆ దారి పొడవు 1,400 కిలోమీటర్లకు పైగా ఉంటుంది. నేటికీ అది 'దర్బ్ జుబైదా' గానే పిలవబడుతోంది. ఎడారిలో ఆమె పేరుతో ముడిపడిన నీటికుంటల ఆనవాళ్ళు ఇంకా ఉన్నాయి. దారి తెగ్గోసుకొని ఎందరు యాత్రికులు నడిచారో, వారి పేర్లు ఎవరికీ తెలియవు. వారికి నీళ్ళు పెట్టిన స్త్రీ పేరు పన్నెండు వందల ఏళ్ళుగా నిలిచి ఉంది.

మా అనంతపురం పీఠభూమిలో మంచు లేదు, ఆకాశాన్నంటే కనుమలు లేవు. బండరాళ్ళ గుట్టలు, వేరుశనగ చేలు, ఎండిన వంకలు ఉన్నాయి. ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్ల వాన; అదీ రావలసిన నెలలో రాదు. కాని మజిలీ మజిలీగా నడిచేవారు మా దగ్గరా ఉన్నారు. వారు సెలవు పెట్టి నడిచేవారు కారు. గొర్రెల కాపరులు. ఎండాకాలంలో మేత, నీరు తగ్గగానే జీవాలను తోలుకొని బయలుదేరుతారు. పగలంతా నడక. రాత్రికి ఎవరో ఒక రైతు చేనిలో మంద కడతారు. ఎరువు చేనికి, కాసిన్ని గింజలో డబ్బో కాపరికి. మర్నాడు ఇంకో చేను. గొంగళి, చెంబు, చద్దిమూట, అంతే సామాను. వర్షాలు పడేదాకా వారి ఇల్లు దారే.

రెండేళ్ళ కిందట మే నెలలో ఒక సాయంత్రం అలాంటి ఒక కాపరి మా మస్జిదు గేటు ముందు నిలబడ్డాడు. వెంట భార్య, ఐదారేళ్ళ బిడ్డ. పడమట మబ్బు కమ్మింది, గాలి లేచింది. "సాయిబూ, పిల్లోడున్నాడు, వానొచ్చేట్టుంది. ఈ రాత్రికి కొంచెం తావిస్తారా?" అని అడిగాడు. మస్జిదు ఆవరణలో ఒక గది ఉంది. దానికి బీగం వేసి ఉంది. లోపల షామియానా గుంజలు, పాత చాపలు, విరిగిన బల్లలు. బీగంచెవి కమిటీలోని ఒకరి దగ్గర ఉంది, ఆయన ఊళ్ళో లేరు. "బీగం వేసుంది నాయనా" అన్నాను. అతడు మరోమాట అడగలేదు. రోడ్డు అవతల వేపచెట్టు కింద గొంగళి పరుచుకున్నారు. రాత్రి గాలివాన గట్టిగానే కురిసింది. ఫజ్ర్‌కు వెళ్ళేసరికి వాళ్ళు లేరు. చెట్టు కింద పెంటికలు మాత్రం తడిసి ఉన్నాయి.

గదికి బీగం ఉంది నిజమే. మా ఇంటి వరండాకు బీగం లేదు. ఆ సంగతి ఆ రాత్రి నాకు తోచలేదు. దారిలో తన అవసరానికి మించిన నీరు ఉండి కూడా బాటసారికి ఇవ్వనివాడి వైపు ప్రళయదినాన అల్లాహ్ కన్నెత్తి చూడడన్న హదీసును పాతికేళ్ళుగా పిల్లలకు బోధిస్తున్నవాణ్ణి నేను. నేపాలులో ఒక ముసలావిడ పరాయి పిల్లవాడి పళ్ళెం చూసి తలనొప్పిని కనిపెట్టిందని మేనల్లుడు చెబుతూంటే నాకు ఆ వేపచెట్టే కనిపించింది.

ఆ గది కథ మా నాన్నగారు చెప్పేవారు. బస్సులు లేని రోజుల్లో వేరుశనగ బండ్లు తోలే ఒక వ్యక్తి, తాను ఎన్నో రాత్రులు చెట్ల కింద గడిపినందువల్ల, బాటసారుల కోసమని దాన్ని కట్టించి వక్ఫ్ చేశాడట. గోడలో ఒక నాపరాయి ఉంది. దానిమీద ఉర్దూలో 'ముసాఫిరోం కే లియే' అని చెక్కారు. ఇప్పుడది ఇనుప బీరువా వెనక పడిపోయింది. ఆ గదిని రోడ్డు వైపు తెరిచి, దుకాణంగా అద్దెకివ్వాలని ఇటీవల కమిటీలో ప్రతిపాదన వచ్చింది. అద్దె వస్తే ఇమాముగారి జీతానికి ఆసరా అవుతుంది. అలా అన్నవారు చెడ్డవారు కారు, వారి ఇబ్బంది నిజమైనదే. కాని వక్ఫ్ చేసినవాడి షరతు ధర్మశాస్త్ర వచనంతో సమానంగా గౌరవించదగినదని ఫుఖహాలు చెప్పారు. బాటసారికి ఇచ్చిన గదిని బజారుకు ఇవ్వడానికి మనమెవరం?

అభ్యంతరాలున్నాయి. దొంగలు వస్తే? గొడవలైతే? సమాధానాలూ ఉన్నాయి. ఒక పుస్తకం పెట్టి పేరు, ఊరు, ఆధార్ సంఖ్య రాసుకోవచ్చు. బీగంచెవి ఊరు వదలని ముఅజ్జిన్ గారి దగ్గర ఉంచవచ్చు. ఆతిథ్యం మూడు రోజులనీ, ఆపైన చేసేది దానమనీ, అతిథి కూడా ఇంటివారిని ఇబ్బంది పెట్టేంతకాలం ఉండరాదనీ దైవప్రవక్త (స) హద్దులు చెప్పే ఉన్నారు. ముస్లిం కానివారికి చోటివ్వవచ్చా అని ఒకరు అడిగారు. అది నమాజు చేసే స్థలం కాదు, పక్కగది. పైగా తాయిఫ్ నుండి వచ్చిన సఖీఫ్ తెగ ప్రతినిధులు ఇంకా ఇస్లాం స్వీకరించకముందే దైవప్రవక్త (స) వారికి మదీనా మస్జిదులోనే విడిది ఇచ్చారు. జకాత్‌కు అర్హులైన ఎనిమిది వర్గాలలో బాటసారి ఒకడు. ఖుర్ఆన్ అతణ్ణి 'ఇబ్నుస్సబీల్' అంటుంది, అంటే దారి బిడ్డ. జకాత్ పంపిణీకి దాని నియమాలు దానికున్నాయి. సదఖాకు, నీళ్ళకు, నీడకు ఆ తేడా లేదు.

వచ్చే నెల కమిటీ సమావేశం ఉంది. వేపచెట్టు సంగతి అక్కడ చెప్పి, ఆ బీరువా జరిపించి, రాయి చదివించాలని నిశ్చయించుకున్నాను. గది బయట గోడకు ఒక కుళాయి, జీవాల కోసం ఒక నీటితొట్టి కట్టించే ఖర్చు నేను పెట్టుకుంటాను. మా మేనల్లుడు పాలు పంచుకుంటానన్నాడు. వాళ్ళమ్మకు నేను చెప్పిన నాలుగు మాటలు ఇవి: వాడు వెళ్ళింది వృథా కాలేదు, ఈసారి వెళ్ళేముందు నీ అనుమతి అడుగుతాడు.

సోదరులారా, మీ ఊరి మస్జిదులోనూ అలాంటి గది ఒకటి ఉండవచ్చు. ఈ శుక్రవారం నమాజు తర్వాత దాని బీగంచెవి ఎవరి దగ్గర ఉందో అడగండి. సోదరీమణులారా, ఎండలు ముదరకముందే మీ గడప ముందు ఒక కుండ నీళ్ళు పెట్టండి.

అల్లాహ్ మన బాటసారులను క్షేమంగా ఇళ్ళకు చేర్చుగాక! మన తలుపులను వారికోసం తెరిచే మనసు మనకు ప్రసాదించుగాక! ఆ రాత్రి నా వల్ల జరిగిన లోపాన్ని క్షమించుగాక! ఆమీన్.