పహాణీ మనమూ చదవాలె!

దున్నేవాడిదే భూమి అన్నాం. కాగితం చదివే పని మాత్రం పట్వారీకే వదిలేశాం. వికారాబాద్, తాండూరు పల్లెల్లో కందిచేను దున్నేది ఒకరు, పట్టాలో పేరుండేది మరొకరు. పాత పహాణీలో పట్టాదారుతో పాటు అనుభవదారు పేరుకూ గడి ఉండేది. కౌలుదారుకూ, ఏండ్లుగా కాస్తులో ఉన్న కూలీకీ అదే ఆధారం. 2020లో ధరణి తెచ్చి ఆ గడినే ఎత్తేశారు. సాగు చేసేటోడు కాగితం మీద మాయమైండు!

2025లో భూభారతి చట్టం వచ్చింది. తహసీల్దారు ఉత్తర్వు మీద ఆర్డీఓకు అప్పీలు పెట్టుకోవచ్చు. కానీ చేతిలో ఆధారం లేకుంటే అప్పీలు నిలుస్తదా? సర్వే నంబరు పట్టుకొని, 1954-55 ఖాస్రా పహాణీ మొదలు పాత నకళ్లన్నీ సంఘాలు తీయించాలి. ఊరి నడుమ చదివి వినిపించాలి. ఎవరి పేరు ఏ ఏడు పోయిందో తెలిస్తేనే కొట్లాట నిలబడుతుంది.