మినహాయింపు పత్రం నేనెందుకు వ్రాయలేదు?

గత వేసవిలో ఒక సాయంకాలం, రోగులందరూ వెళ్ళిపోయిన పిమ్మట, మా వీధిలోనే నివసించే విశ్రాంత ఉపాధ్యాయులొకరు వచ్చి కూర్చున్నారు. వారి కుటుంబానికి నేను ముప్పది సంవత్సరాలుగా వైద్యం చేస్తున్నాను. వారి కుమారుడు ఉద్యోగరీత్యా భార్యాబిడ్డలతో అమెరికాలోని కాలిఫోర్నియా రాష్ట్రానికి వెళ్ళినాడు. అయిదేండ్ల మనుమరాలిని అక్కడి బడిలో చేర్చబోగా టీకాల పట్టిక అడిగారట. ఇక్కడ వేయించినవి చాలవు, మరికొన్ని వేయించుకొని రమ్మన్నారట.

"ఆచార్యులుగారూ, పాపది పిత్త ప్రకృతి, ఈ సూదిమందులు దాని శరీరానికి సరిపడవు అని మీ లెటర్‌హెడ్ మీద నాలుగు ముక్కలు వ్రాసి, ముద్ర వేసి ఇప్పించండి. దాన్ని చూపిస్తే మినహాయింపు దొరుకుతుందేమోనని మావాడి ఆశ" అన్నారు.

నేను వ్రాయలేదు. వారికి కొంత కష్టం కలిగింది. ఇటువంటి కోరికతో నా వద్దకు వచ్చినవారిలో వారు మొదటివారు కారు, ఆఖరివారూ కాబోరు. కావున నా కారణాలను పాఠకుల ముందు ఉంచుతున్నాను.

మొదట, ఆ బడివారు ఎందుకు అడిగారో చూద్దాం. తల్లిదండ్రులు దీనిని అనవసరపు పీడనగా భావించారు. ఆ భావన సహజమే, ఎందుకంటే పాపకు మన ప్రభుత్వ పట్టిక ప్రకారం అన్ని టీకాలూ పడ్డాయి. కాని ఆ రెండు దేశాల లెక్కలు వేరు. మన దేశంలో తట్టు, రుబెల్లాలకు కలిపి ఇచ్చే టీకా మొదటి మోతాదును తొమ్మిది నెలలు నిండగానే వేస్తారు. మన వద్ద పసివారికి తట్టు భయం ఎక్కువ కనుక అది సబబే. అమెరికాలో మాత్రం మొదటి పుట్టినరోజుకు ముందు వేసిన మోతాదును లెక్కలోకి తీసుకోరు. పైగా మన ప్రభుత్వ టీకాలో గవదబిళ్ళల మందు కలిసి ఉండదు, ఆటలమ్మ టీకా మన ఉచిత పట్టికలోనే లేదు. 2016 ఏప్రిల్ నుండి వేస్తున్న పోలియో చుక్కలను కూడా వారు పరిగణించరు, సూదిద్వారా ఇచ్చిన పోలియో టీకానే లెక్కిస్తారు. అంటే పాపకు లోటు ఉన్నది కొన్ని మోతాదులే. ఆ లోటును పూడ్చుకొనడానికి బదులు, మినహాయింపు కోసం ఏడు సముద్రాల కివతల ఉన్న వైద్యుని వెదకడం దేనికి?

ఇక చట్టం మాట. 2014 డిసెంబరులో కాలిఫోర్నియాలోని డిస్నీలాండ్ అనే విహారస్థలం నుండి తట్టు వ్యాపించింది. దాని దరిమిలా 2015లో ఆ రాష్ట్రం చట్టం చేసి, మతం పేరిటనో వ్యక్తిగత విశ్వాసం పేరిటనో ఇచ్చే మినహాయింపులను 2016 నుండి తొలగించింది. మిగిలినది వైద్య కారణం ఒక్కటే. దానిని అక్కడి అనుమతి పొందిన వైద్యుడే, రాష్ట్ర ప్రభుత్వపు విధానం ద్వారానే ఇవ్వాలి. నా ముద్రకు అక్కడ చిత్తుకాగితం విలువ కూడా లేదు.

విలువ ఉన్నచోట మాత్రం ఏమైనది? టెక్సాస్ రాష్ట్రంలో అంతరాత్మ అంగీకరించదని తల్లిదండ్రులు ప్రమాణపత్రం ఇస్తే చాలు, మినహాయింపు లభిస్తుంది. 2025 జనవరిలో అక్కడి గెయిన్స్ కౌంటీలో టీకాలు పడని పిల్లలు అధికంగా ఉన్న సమాజంలో తట్టు పుట్టింది. ఆగస్టులో ఆ వ్యాధి ముగిసినదని ప్రకటించేనాటికి ఆ రాష్ట్రంలో 762 మందికి సోకింది. బడి ఈడు పిల్లలు ఇద్దరు మరణించారు. ఇద్దరికీ టీకా పడలేదు. 2000లోనే తట్టును నిర్మూలించామని ప్రకటించుకొన్న దేశంలో జరిగిన సంగతి ఇది. ఆ దినాలలో కాడ్ లివర్ నూనె వంటివి మితిమీరి త్రాగించగా, విటమిన్ ఎ ఎక్కువై కాలేయం దెబ్బతిన్న సూచనలతో కొందరు పిల్లలు ఆసుపత్రి చేరినట్లు కూడా వార్తలు వచ్చాయి. ఇంటివైద్యం గురించి వ్రాసే మేమందరం గుర్తుంచుకొనవలసిన ముక్క ఇది.

"అదంతా సరే, ప్రకృతి మాటేమిటి? ప్రతి మనిషి ప్రకృతీ వేరని మీరే చెబుతారు గదా, అందరికీ ఒకే మందెలా?" అని మాస్టారు అడిగారు. మంచి ప్రశ్న. ఇదే ప్రశ్నను మరొక రూపంలో అగ్నివేశుడు తన గురువైన ఆత్రేయుని అడిగినట్లు చరక సంహిత విమానస్థానం మూడవ అధ్యాయంలో ఉన్నది. పాంచాల దేశంలోని కాంపిల్య నగరం వద్ద గంగాతీరాన జరిగిన సంభాషణ అది. ప్రకృతి, ఆహారం, దేహం, బలం, వయస్సు వేరువేరుగా ఉన్న మనుష్యులను ఏకకాలంలో ఒకే వ్యాధి ఎలా నాశనం చేస్తున్నదని శిష్యుని సందేహం. ప్రకృతులు వేరైనా అందరికీ సమానమైన గాలి, నీరు, నేల, కాలం చెడినప్పుడు జనపదాలే ధ్వంసమవుతాయని గురువు సమాధానం. అనగా అంటువ్యాధి ముందు ప్రకృతి భేదం అడ్డు నిలువదని మన ఆచార్యులే గుర్తించారు. సుశ్రుతుడు మరొక అడుగు ముందుకు వేసి, స్పర్శ వలన, ఒకే పడకపై శయనించడం వలన, వస్త్రాలు, మాలలు పంచుకొనడం వలన ఒకరినుండి మరొకరికి సంక్రమించే వ్యాధులను పేర్కొన్నాడు. ప్రకృతి విచారం ఆహారానికి, ఔషధ మోతాదుకు ఎంతో అవసరం. దానిని టీకాకు అడ్డుపెట్టడం శాస్త్రం తెలియక చేసే పని.

సువర్ణప్రాశనం మాటా చెప్పాలి. కాశ్యప సంహితలో దీనిని బుద్ధికి, అగ్నికి, బలానికి మేలు చేసేదిగా చెప్పారు. పుష్య నక్షత్రం నాడు నేనూ ఇస్తుంటాను. కాని అది తట్టును, కోరింత దగ్గును, ధనుర్వాతాన్ని ఆపుతుందని నేను ఎన్నడూ చెప్పను. అలా చెప్పి బిడ్డలకు టీకాలు మాన్పించే వైద్యులు మా వృత్తిలో ఉన్నారని వ్రాయడానికి సిగ్గుగా ఉన్నది. మరోవైపు, టీకా మన గ్రంథాలలో ఎప్పుడో ఉన్నదని గొప్పలు చెప్పేవారూ ఉన్నారు. చరక, సుశ్రుత, వాగ్భటాలలో నాకైతే అది కనబడలేదు.

మా గురువుగారి ముఖం నిండా మశూచి గుంటలు. ఎడమ కన్ను ఆ జబ్బులోనే పోయింది. నేను బాలుడిగా వారి ఇంట చేరిన రోజులలో టీకాలు వేసే ఉద్యోగి ఊరిలోకి వస్తే పిల్లలందరం అటక ఎక్కేవాళ్ళం. గురువుగారు నిచ్చెన వేయించి ఒక్కొక్కరినీ దింపి, తామే మా భుజాలు పట్టుకొని పొడిపించేవారు. పద్యాలు అప్పజెప్పనందుకు కొట్టని మనిషి, ఆ రోజు పారిపోయిన ఒకనికి రెండు తగిలించారు. 1975 తరువాత మన దేశంలో మశూచి పుట్టలేదు. మా భుజాల మీది మచ్చ నేటి పిల్లలకు లేదు, ఉండవలసిన అవసరమూ లేదు.

అంతటి గురువు వద్ద చదివి కూడా నేను తప్పు చేశాను. 1987లో, పట్టా లేకున్నా పేరు వచ్చిన కొత్తలో, ఒక తల్లి రెండేండ్ల కొడుకును ఎత్తుకొని వచ్చి, ఆరోగ్య కేంద్రంలో తట్టు టీకా వేయించమంటారా అని అడిగింది. బిడ్డ పుష్టిగా ఉన్నాడు, వేపాకు, పసుపు చాలునమ్మా అన్నాను. ఆ వేసవిలోనే వానికి తట్టు పోసింది. జ్వరం తగ్గినా రెండు చెవులూ చీము పట్టాయి, వినికిడి చాలవరకు పోయింది. ఆ తల్లి నన్ను ఒక్క మాట అనలేదు. అతడు ఇప్పుడు నలుబది దాటినవాడు, ఇప్పటికీ నా వద్దకే మందుకు వస్తాడు. అతనితో మాట్లాడేటప్పుడు నేను గొంతు పెంచవలసి ఉంటుంది.

మినహాయింపు నిజంగా అవసరమైన పిల్లలు లేకపోలేదు. క్యాన్సరు చికిత్స పొందుతున్నవారు, పుట్టుకతో రోగనిరోధక శక్తి లోపించినవారు, లోగడ అదే టీకాకు ప్రాణాపాయకరమైన ప్రతిక్రియ కలిగినవారు అటువంటివారు. వీరికి రక్షణ చుట్టూ ఉన్న పిల్లలే. తట్టు రోగి గదిలోనుండి వెళ్ళిపోయిన పిమ్మట కూడా రెండు గంటల వరకు ఆ గాలిలో వ్యాధి నిలిచి ఉంటుంది. నూటికి తొంబదియైదు మందికి టీకా పడితేనే అది ఆగుతుందని అంచనా. బలమైన బిడ్డ కోసం తీసుకొన్న దొంగ మినహాయింపు, పక్క బెంచీలోని బలహీనుని వాటాలోనుండి తీసినదే.

తల్లిదండ్రుల భయాన్ని నేను తేలికగా చూడను. సూది వేసే చోట వారి ప్రశ్నకు నిమిషం కేటాయించేవారు తక్కువ, ఇది న్యాయమైన ఫిర్యాదే. ఆటిజం భయం 1998లో పన్నెండు మంది పిల్లలపై వచ్చిన ఒక వ్యాసంతో వ్యాపించింది. ఆ వ్యాసాన్ని ప్రచురించిన పత్రికయే 2010లో ఉపసంహరించుకొన్నది. 2019లో డెన్మార్కు దేశస్థులు ఆరున్నర లక్షలకు పైగా పిల్లలను పరిశీలించి అటువంటి సంబంధమేదీ లేదని తేల్చారు. టీకా తరువాత రెండు రోజులు జ్వరం, చేతి నొప్పి సాధారణం. తట్టు టీకాకైతే వారం పది రోజుల తరువాత జ్వరం రావచ్చు. పాలు, పలుచని గంజి ఇవ్వండి, శుభ్రమైన తడిగుడ్డ వేయండి. సూది గుచ్చిన చోట పసుపు, సున్నం పూయవద్దు. ఫిట్స్ వచ్చినా, ఊపిరి ఆడకపోయినా నా వంటివాని కోసం చూడక ఆసుపత్రికి తీసుకువెళ్ళండి.

మాస్టారికి ఆ సాయంకాలం నేను లెటర్‌హెడ్ మీద వేరే నాలుగు ముక్కలు వ్రాసి ఇచ్చాను. పాపకు ఇక్కడ వేసిన టీకాలు ఏవి, ఏ తేదీన, అక్కడ అడగవలసినవి ఏవి అన్నది ఆ కాగితంలో ఉన్నది. దానిని నాలుగు మడతలు పెట్టి జేబులో ఉంచుకొని, మాట్లాడకుండా వెళ్ళిపోయారు. దసరాకు ఫోను చేశారు. పాప బడికి వెళుతున్నదట, సూది వేసిన రోజు ఐస్‌క్రీము కొనిపించుకొన్నదట.