వేడినీళ్ళు – మన ఇంటి అలవాట్లు

చలికాలం రాగానే ఇళ్ళల్లో వేడినీళ్ళ వాడకం పెరుగుతుంది. దానితోపాటే కరెంటు బిల్లూ పెరుగుతుంది. అప్పుడు చాలామంది గీజరును తప్పుపట్టి, కొత్తది కొనాలని చూస్తారు. నా అభిప్రాయంలో ముందుగా మార్చుకోవలసినవి మన అలవాట్లు. ఒకే రకం గీజరు ఉన్న రెండు ఇళ్ళకు బిల్లు వేర్వేరుగా రావడం మీరూ చూసే ఉంటారు.

లెక్క చూడండి. సుమారు 20 లీటర్ల బకెట్టు నీళ్ళను 20 డిగ్రీల నుండి 40 డిగ్రీలకు కాచడానికి దాదాపు అర యూనిట్ కరెంటు పడుతుంది. నలుగురున్న ఇంట్లో మనిషికి ఒక బకెట్టు చొప్పున రోజుకు 2 యూనిట్లు, నెలకు 60 యూనిట్లు. అదే షవరు కింద పది నిమిషాలు నిలబడితే మూడు, నాలుగు బకెట్ల నీళ్ళు పోవచ్చు.

15 లీటర్ల, 2000 వాట్ల గీజరులో నీళ్ళు కాగడానికి 20 నిమిషాలు చాలు. రాత్రంతా వేసి ఉంచితే నీళ్ళు చల్లారినప్పుడల్లా మళ్ళీ కాగుతూ కరెంటు వృథా అవుతుంది. ఇంటిల్లిపాదీ ఒకరి తరువాత ఒకరు స్నానం ముగించుకుని స్విచ్ ఆపేస్తే ఈ ఖర్చు తగ్గుతుంది.

వృద్ధులకు, బాలింతలకు వేడినీళ్ళు తగ్గించమని నేను చెప్పడం లేదు. పొదుపు కోసం ప్రాణాపాయం తెచ్చుకోకూడదు. కరెంటు ఖర్చని కొందరు బాలింత గదిలో బొగ్గుల కుంపటి పెట్టి, తలుపులు, కిటికీలు మూసేస్తారు. దాని నుండి వచ్చే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు, వాసన ఉండవు. నిద్రలో ఉన్నవారు మేల్కోకుండానే చనిపోవచ్చు. పసిబిడ్డను తల్లి రొమ్ముకు ఆనించి, టోపీ, మేజోళ్ళు తొడిగి, పైన దుప్పటి కప్పండి. పుట్టిన బిడ్డకు మొదటి 24 గంటలు స్నానం వద్దు. ఈ వెచ్చదనానికి కరెంటూ అక్కరలేదు, బొగ్గులూ అక్కరలేదు.

బకెట్టులో ముందు చన్నీళ్ళు, తరువాత వేడినీళ్ళు పోయండి. 60 డిగ్రీల నీళ్ళు కొద్ది సెకన్లలోనే చర్మాన్ని కాల్చేస్తాయి. హీటరు రాడ్ వాడేవారు స్విచ్ ఆపి, ప్లగ్ తీసిన తరువాతే నీళ్ళను ముట్టుకోవాలి. పిల్లలను దరిదాపులకు రానివ్వకండి.

ఈ రోజే మీటరు రీడింగు రాసిపెట్టుకోండి. వారం తరువాత మళ్ళీ చూసుకోండి. తరువాతి వారం ఈ అలవాట్లు పాటించి, రెండు వారాల లెక్కనూ ఇంట్లో అందరూ కూర్చుని పోల్చుకోండి.