ప్లస్ డిస్కా, మైనస్ డిస్కా? కొనుటకు ముందొక మనవి

గత ఆదివారము జరిగిన మన సంఘ కార్యవర్గ సమావేశమున, బీరువాలో భద్రపరచియున్న పాత వీడియో కేసెట్లనుండి రెండు గంటల భాగమును ఏరి కూర్చి, డిస్కుల కెక్కించి, ఉగాదికి ముందు సభ్యుల యింటింటికిని ఒక్కొక్కటి చొప్పున పంచవలెనని తీర్మానించితిమి. ఆ కేసెట్లలో మన పెద్దలు పాడిన పెండ్లి పాటలు, జోల పాటలు, భజనలు, ఒక హరికథయు గలవు. పాడినవారిలో నేడు జీవించియున్నవారు ఇద్దరే. తీర్మానము క్షణములో నెగ్గినది గాని, ఏ డిస్కు కొనవలెనను ప్రశ్నపై గంటన్నర వాదము నడచినది. ఒకరు ప్లస్ అనిరి, ఒకరు మైనస్ అనిరి. వర్తకుడను గనుక సరకు విచారించు భారము నాపై బెట్టిరి. ఎస్.ఎస్.ఎల్.సి. తో చదువు చాలించిన నాకు ఈ శాస్త్రము క్రొత్త. అయినను ఈ వారము దినములు నలుగురిని అడిగి తెలిసికొన్నదానిని, దానిపై నా అభిప్రాయమును సభ్యుల ముందుంచుచున్నాను.

ఒకసారి మాత్రమే వ్రాయదగిన డివిడి డిస్కులలో రెండు జాతులు గలవు. 1997 లో పయనీరు సంస్థ తెచ్చినది డివిడి-ఆర్. డివిడి ఫోరమ్ అను సంస్థల కూటమి అంగీకరించినది దీనినే. ఫిలిప్స్, సోనీ మున్నగువారు వేరొక కూటమిగా చేరి 2002 లో డివిడి+ఆర్ ను విడుదల చేసిరి. రెండును 12 సెంటీమీటర్ల బిళ్ళలే. రెండింటను పట్టునది 4.7 గిగాబైట్లే. వ్రాయునపుడు లేజరు తానున్న చోటును గుర్తించు విధానము మాత్రము వేరు. డిస్కు మొదట తన జాతిని తెలుపుచు ఉండెడి సంకేతమును వేరు. ప్లేయరు ఆ సంకేతమును చదివి, తనకు తెలిసిన జాతియైన ఆడించును, తెలియనిదైన త్రోసిపుచ్చును. 2002 తరువాత రెండు జాతులను వ్రాయగల డ్రైవులు వచ్చినందున కంప్యూటరులో ఈ తగవు తీరినది. ఇంటిలోని పాత ప్లేయరులో తీరలేదు.

ఇక్కడ ఒక మాట. చిట్టా వ్రాయువానికి ప్లస్ అనిన లాభము, మైనస్ అనిన నష్టము తోచుట సహజము. సమావేశమున ఒక సభ్యులు ఆ కారణముననే ప్లస్ మేలనిరని నాకు అనుమానము! నిజమునకు డివిడి-ఆర్ లోని గీత మైనస్ గుర్తే కాదట, రెండు మాటలను కలుపు గీత మాత్రమేనట. బజారులో మైనస్ అన్న పేరే నిలిచినది గనుక నేనును అట్లే వ్రాయుచున్నాను.

నాకు ఈ భేదము తెలిసిన విధము చెప్పెదను. 2009 లో మా యింటి పెండ్లిలో మా అవ్వ పాడిన పాటలను వీడియో తీయించి, ఒక దుకాణమున డిస్కు చేయించి, నగరిలో నున్న మా అక్కగారికి పంపితిని. నా కొట్టు కంప్యూటరులో ఆ డిస్కు చక్కగా ఆడినది. అక్కగారి ప్లేయరులో వేసిన, డిస్కు లేదని తెరపై వచ్చినది. ఆ ప్లేయరు 2001 లో కొన్నది. బావగారు యంత్రము చెడినదనుకొని మరమ్మతునకు డబ్బు పోసిరి, ఫలము లేకపోయినది. మరుసటి వేసవిలో అవ్వ అక్కయింట నెల్లాళ్లుండి, నా పాట నాకు వినిపింపుమని అడిగినదట. వినిపించుటకు వీలు లేకపోయినది. ఆ సంవత్సరమే అవ్వ కాలము చేసినది. కర్మాంతరమునకు వచ్చిన మేనల్లుడు డిస్కు చూచి, ఇది ప్లస్ జాతి, మీ ప్లేయరు పుట్టినప్పటికి ఇది పుట్టలేదు మామా అనెను. దానినే మైనస్ డిస్కుపై ప్రతి తీసి పంపగా అదే ప్లేయరులో ఆడినది.

కాబట్టి నా అభిప్రాయము మైనస్ పక్షమే. కంప్యూటరు గల యువకుని యింట ఏది యైనను ఆడును. పాత ప్లేయరు తప్ప వేరొకటి లేని ముసలివారి యింట ఆడునదేదో దానినే కొనవలెను. 2006 మొదలు తమిళనాడు ప్రభుత్వము ఉచితముగా పంచిన రంగుల టీవీని ఇంకను వాడుచు, దానికి జోడించిన పాత ప్లేయరునే నమ్ముకొన్న యిండ్లు మన సభ్యులలో గలవు. తిరుత్తణి తాలూకా 1960 ఏప్రిల్ 1 న మద్రాసు రాష్ట్రమున చేరినది. పూండి మొదటినుండియు ఈవలనే యున్నది. గీత ఎక్కడ గీచినను మన చుట్టరికములు నగరి, పుత్తూరు, సత్యవేడు వరకు సాగియున్నవి. మన డిస్కు ఆ యిండ్లకును పోవును.

ప్లస్ వారి పక్షమున ఒక న్యాయము చెప్పవలెను. కొన్ని డ్రైవులు ప్లస్ డిస్కుపై జాతి సంకేతమును మార్చి, అచ్చు వేసిన సినిమా డిస్కువలె కనబడునట్లు చేయగలవు. అట్లు చేసిన, పాత ప్లేయరులు ప్లస్ ను మైనస్ కంటె బాగుగనే స్వీకరింపవచ్చును. మన సంఘపు డ్రైవుకు ఆ శక్తి లేదు. ఉన్నవారెవరైన ముందుకు వచ్చిన నా అభిప్రాయమును మార్చుకొనుటకు సిద్ధము.

జాతి ఒకటే చాలదు. చెరిపి వ్రాయు ఆర్.డబ్ల్యు. డిస్కు వలదు, దానిపై వెలుగు తక్కువగా ప్రతిఫలించుటచే పాత యంత్రములు తికమకపడును. రెండు పొరల డిస్కును వలదు. బ్లూరే మాట ఎత్తినవారికి మనవి: దానికి నీలి లేజరు కావలెను, మన ప్లేయరులది ఎర్ర లేజరు, పైగా వ్రాయదగు బ్లూరే డిస్కుల తయారీని సోనీ సంస్థ 2025 ఫిబ్రవరిలో నిలిపివేసినది. వీడియోను కంప్యూటరు ఫైలుగా ఎక్కించి ఊరకొనిన పాత ప్లేయరు గ్రహింపదు; సినిమా డిస్కు పద్ధతిని కూర్చి, చివర ముగింపు ముద్ర, అనగా ఫైనలైజు, తప్పక చేయవలెను. అమెరికాలోని మన పిల్లలకు పంపు ప్రతులను వేరుగా ఎన్.టి.ఎస్.సి. పద్ధతిలో చేయవలెను, ఏలయన మన పాల్ పద్ధతి అక్కడి ప్లేయరులు పెక్కింటికి పడదు. అంటించు కాగితపు చీటీలు వలదు, బిళ్ళ తిరుగునప్పుడు ఊగును.

అంతయు ఫోనులో పంపిన చాలునన్న తమ్ముని మాటను నేను త్రోసివేయను. పంపుడు. 2006 నాటి చట్టముతో బడిలో తమిళము నిర్బంధమైన పిదప, నేను చూచినంతలో తెలుగు చదువగల పిల్లలు మన యిండ్లలో తగ్గిరి; చెవికి సోకు తెలుగు ఏ దారిని వచ్చినను మంచిదే. కాని ఫోనులో వచ్చినది పదిదినములలో ఇతర సందేశముల క్రింద మునిగిపోవుట చూచుచున్నాము. డిస్కు అలమరలో కనబడును. బీటలు పడిన వ్రేళ్ళతో అవ్వ ఒక మీట నొక్కినచో పాడును. ఈ డిస్కులును చిరకాలము నిలుచునవి కావు, ఎండకు రంగు చెడును. కావున అసలు కేసెట్లను పారవేయరాదు. ఒక ప్రతిని హార్డు డిస్కులో నుంచి, మరియొక సభ్యుని యింట దానికి జంట నుంచవలెను.

మొత్తము సరకునకు ఆర్డరు ఇయ్యకముందు మైనస్ జాతిలో ఐదు, ప్లస్ జాతిలో ఐదు నమూనాలు నా ఖర్చుతో చేయించుచున్నాను. 2005 కు ముందు కొన్న ప్లేయరు గల సభ్యులు వచ్చే ఆదివారము సమావేశమునకు వచ్చి ఒక్కొక్క జత తీసికొనిపోయి, ఏది ఆడినదో, ఏది ఆడలేదో చీటీపై వ్రాసి నా కొట్టునకు పంప ప్రార్థన.